ఈ ముక్క ఏ పని చేసేది?

పాత లారీ ఇంజన్ విప్పిన ప్రతి షెడ్డులోనూ వినబడే ప్రశ్న ఒకటుంది. గోనెపట్టా మీద నట్లు, స్ప్రింగులు, పైపు ముక్కలు పరిచి ఉంటాయి. కుర్రాడొకడు అందులోంచి ఒకటి ఎత్తి చూపించి, "ఇదేంది భాయ్? యాడ తగిలిచ్చేది?" అంటాడు. ముసలి మేస్త్రీ దాన్ని రెండు వేళ్లతో తిప్పి చూస్తాడు. అంచును గోటితో గీకుతాడు, ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. "నీళ్లదారిలోది అబ్బీ, పారేయొద్దు" అంటాడు. అక్కడున్నవాళ్లకు అదంతా కంఠస్థం చేసిన విద్యలాగే కనిపిస్తుంది.

సగం వరకు అది నిజమే. ఏళ్ల తరబడి ఒకే రకం ఇంజన్లు విప్పి బిగించిన చేతికి ముక్కలు వాటంతటవే గుర్తుంటాయి. కానీ తాను ఎన్నడూ చూడని ముక్క ఎదురైనా ఆయన చాలాసార్లు తప్పడు. పేరు చెప్పలేకపోవచ్చు గానీ, ఏ దారిలోదో, ఏ పని చేసేదో చెప్పగలడు. ఆ చెప్పడం వెనక ఒక పద్ధతి ఉంది. దాన్ని ఆయన పద్ధతి అనుకోడు, "చూస్తే తెలిసిపోదా?" అంటాడు. చూసినప్పుడు ఏమేం కనబడతాయో ఒక్కొక్కటిగా తెలుసుకుందాం.

ఒక లారీలో ఎన్ని దేశాలు

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు పోయే దారి ఇప్పుడు 40వ నంబరు జాతీయ రహదారి. పాతవాళ్లకు ఇప్పటికీ అది 18వ నంబరు రోడ్డే. బేతంచెర్ల బండలు, ఆదోని పత్తి, ఎర్రగుంట్ల సిమెంటు, మంగంపేట ముగ్గురాయి మోసి అరిగిపోయిన ఈ ప్రాంతపు పాత లారీలు ప్రధానంగా మూడు నాలుగు వంశాలకు చెందినవి.

మొదటిది టాటా-బెంజ్. టాటా వారి కంపెనీ టెల్కో 1954లో జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో పదిహేనేళ్ల ఒప్పందం చేసుకుని, జంషెడ్‌పూర్‌లో ఎల్ 312 లారీతో మొదలుపెట్టింది. 1969లో ఒప్పందం ముగిసింది. ముందున్న మూడు కొమ్మల చుక్క పోయి టాటా 'టి' వచ్చింది గానీ, లోపలి ఇంజన్ ఒక్కరోజులో వంశం మార్చుకోలేదు. రెండోది లేలాండ్. 1948లో మద్రాసు దగ్గర ఎన్నూరులో ఆస్టిన్ కార్ల కోసం పుట్టిన అశోక్ మోటార్స్ తర్వాత ఇంగ్లండు కంపెనీ లేలాండ్ వారి కామెట్ లారీలకు మళ్లింది, 1955లో అశోక్ లేలాండ్ అయింది. వీటికి తోడు బొంబాయి ప్రీమియర్ కంపెనీ వారి డాడ్జ్, ఫార్గో లారీలు ఉండేవి. పుట్టుక అమెరికాది, లోపలి డీజిల్ ఇంజన్ చాలావాటిలో ఇంగ్లండు పెర్కిన్స్‌ది, దాన్ని తయారుచేసింది మద్రాసు సింప్సన్ వారు. కలకత్తా వైపు హిందుస్తాన్ మోటార్స్ వారి బెడ్‌ఫోర్డులు కూడా కొన్ని ఇటు వచ్చాయి.

అంటే మిల్లీమీటర్ల జర్మనీ, అంగుళాల ఇంగ్లండు, ఇంకో రకం అంగుళాల అమెరికా ఒకే రోడ్డు మీద కలిసి తిరిగాయి. తిరగడంతో ఆగితే బాగుండేది. యాభై ఏళ్లలో ఒక లారీ ఎన్ని చేతులు మారుతుందో, ఎన్ని గుజిరీ కొట్ల సామాను దాంట్లోకి ఎక్కుతుందో లెక్కలేదు. ఫార్గో బాడీ కింద పెర్కిన్స్ ఇంజన్, దానికి బెంగళూరు మైకో వారి పంపు, ఇంకెక్కడిదో డైనమో, టాటా రేడియేటరు. పార్టుల పుస్తకం సంపాదించినా, ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఆ బండి ఎలా ఉందో మాత్రమే అది చెప్తుంది. ఆ తర్వాత జరిగిన కథ ముక్కల మీదే రాసి ఉంటుంది.

బిల్లసర్గం ఎముకలు

ఇలాంటి చిక్కునే ఇదే నేల మీద నూట నలభై ఏళ్ల కిందట వేరే శాస్త్రం ఎదుర్కొంది. బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలున్నాయి. వాటిలో పాత ఎముకలున్నాయని న్యూబోల్డ్ అనే సైనికాధికారి 1844లోనే రాశాడు. 1880ల్లో భూగర్భ సర్వే అధికారి రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ అక్కడ తవ్వించారు. దొరికినవన్నీ విడి ఎముకలు, పళ్లు, విరిగిన ముక్కలు. ఒక్క జంతువు కూడా సాంతంగా దొరకలేదు. ఆ మూటలు రిచర్డ్ లైడెక్కర్ దగ్గరికి వెళ్లాయి. ఆయన ఒక్కో ముక్కా చూసి ఇది ఫలానా జంతువుది అని తేల్చి 1886లో అచ్చు వేయించాడు. అందులో ఒక ఖడ్గమృగం ఉంది. దానికి రైనోసెరస్ కర్నూలియెన్సిస్ అని మన కర్నూలు పేరే పెట్టాడు. ఇప్పుడు ఖడ్గమృగం కావాలంటే అస్సాం పోవాలి.

పన్ను ముక్క చూసి జంతువును చెప్పడం మాయలా ఉంటుంది గానీ, దాని వెనకున్న సూత్రాన్ని ఫ్రాన్సులో కూవియే అనే శాస్త్రవేత్త అంతకు ముందే వివరించాడు. ప్రాణి దేహంలో ఏ భాగమూ ఒంటరిగా పుట్టదు. మాంసం చీల్చే పన్ను ఉందంటే దాన్ని కదిపే దవడ అందుకు తగినట్టుండాలి, వేటను పట్టే గోళ్లు ఉండాలి, మాంసం అరిగించే పేగు ఉండాలి. పన్ను ఆకారం పన్ను చేసే పనికి కట్టుబడి ఉంటుంది, ఆ పని మిగతా దేహానికి కట్టుబడి ఉంటుంది.

ఇంజన్ ముక్క కూడా అంతే. గేరు పన్ను, స్ప్రింగు బిగువు, రంధ్రం సైజు, ఏదీ ఊరికే రాలేదు. ఏ ఇంజనీరూ పని లేని చోట ఇనుము ఖర్చు పెట్టడు. కాబట్టి ముక్క పేరేమిటి అని అడగడం కన్నా, దీన్ని ఏది తాకింది, ఇది దేన్ని తోసింది, దేన్ని ఆపింది అని అడిగితే జవాబు తొందరగా దొరుకుతుంది. తవ్వేటప్పుడు ఎముక ఏ పొరలో, దేని పక్కన ఉందో రాసిపెట్టుకున్నవాడికే తర్వాత లెక్క తేలుతుంది. ఇంజన్ విప్పేటప్పుడు ఫోటో తీసి, తీగతో చీటీ కట్టేవాడిదీ ఆ పనే. ఆ చీటీలు లేకుండా గోనెసంచిలో పోసి ఇచ్చిన ఇంజన్‌తోనే మన అసలు కష్టం.

కడగక ముందే చదవాలి

సంచి విప్పగానే అందరూ చేసే మొదటి పని, ముక్కలన్నీ కిరసనాయిల్లోనో డీజిల్లోనో ముంచి తళతళలాడేలా తోమడం. చూడ్డానికి బాగుంటుంది. కానీ సగం సాక్ష్యం ఆ బకెట్టులోనే పోతుంది.

డీజిల్ ఇంజన్లో పారేవి నాలుగు: గాలి, డీజిల్, ఇంజన్ ఆయిలు, నీళ్లు. వీటికి తోడు మంట, దాని పొగ. ఇంజన్లోని ప్రతి ముక్కా వీటిలో ఒకదానినో రెండింటినో తాకుతుంది, తాకినది తన రంగు వదిలిపెడుతుంది. పొడిగా, వేలికి అంటుకునే నల్లటి మసి పొగదారి గుర్తు. గోధుమరంగు మెరుపుతో, గోటికి లేవని పూత ఉంటే కాలిన ఇంజన్ ఆయిలు. లోపలి లోహం నునుపుగా, శుభ్రంగా ఉండి బయట మాత్రం జిడ్డు దుమ్ము పట్టి ఉంటే అది డీజిల్ పారిన చోటు. మెత్తటి ఎర్రదుమ్ము నూనెతో కలిసి బురదలా గట్టిపడితే గాలి లోపలికి వచ్చే దారి. పాత లారీల్లో గాలి జల్లెడ అడుగున ఒక గిన్నెలో నూనె ఉండేది. గాలి ఆ నూనె మీద మలుపు తిరిగి పోయేటప్పుడు, బరువైన దుమ్ము మలుపు తిరగలేక నూనెలో పడేది. మన ప్రాంతంలో ఆ గిన్నె తోమకపోతే పూడిపోవడానికి ఎక్కువ కాలం పట్టదు.

ఇక తెల్లటి పెచ్చు. ఇది కర్నూలు, కడప ఇంజన్ల ప్రత్యేక ముద్ర. ఇక్కడి నేల కింద సున్నపురాయి విస్తారంగా ఉంది. జమ్మలమడుగు దగ్గరి నర్జి ఊరి పేరు మీద ఒక సున్నపురాయి పొరకే భూగర్భశాస్త్రంలో పేరుంది. వాననీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొద్దిగా పులిసి, ఆ రాతిని కరిగించుకుంటుంది. బోరునీళ్లలో ఆ సున్నం కనబడకుండా ఉంటుంది. ఆ నీళ్లను రేడియేటరులో పోసి కాచామా, వాయువు బయటికి పోతుంది, కరగలేని సున్నం లోహానికి పెచ్చులా అంటుకుంటుంది. అది సున్నమో కాదో తేల్చడానికి ప్రయోగశాల అక్కర్లేదు. పెచ్చు మీద నాలుగు చుక్కలు నిమ్మరసం పిండితే, సున్నమైతే బుసబుసమని నురగ వస్తుంది, తుప్పైతే రాదు.

ఈ తెల్ల పెచ్చు సాయంతో పట్టుకోవలసిన ముక్క ఒకటుంది. ఇత్తడితో చేసినది, అరచేతిలో సగం ఉంటుంది, పైన గుండ్రటి మూత, మధ్యలో స్ప్రింగు, కింద చిన్న బుడ్డి. కుర్ర మెకానిక్కులు చాలామంది దీన్ని చూసి ఉండరు. దీన్ని వేడితలుపు అనుకోండి. వర్క్‌షాపు మాటలో థర్మోస్టాట్. బుడ్డిలో మైనం ఉంటుంది. ఇంకా పాతవాటిలో ముడతల డబ్బా, అందులో సులువుగా ఆవిరయ్యే ద్రవం. నీళ్లు చల్లగా ఉన్నంతసేపు మూత మూసుకుని ఉంటుంది, నీళ్లు రేడియేటరుకు పోకుండా బ్లాకులోనే తిరుగుతాయి. 80 డిగ్రీల దరిదాపులకు వచ్చేసరికి మైనం కరిగి ఉబ్బుతుంది, మూతను పైకి తోస్తుంది. అనుమానంగా ఉంటే దారం కట్టి వేడినీళ్ల గిన్నెలో వేలాడదీసి చూస్తే చాలు, కళ్ల ముందే తెరుచుకుంటుంది.

కుర్రవాళ్లకు ఇది తెలియకపోవడానికి కారణం ఉంది. మన దగ్గర చాలామంది దీన్ని పీకి పారేస్తారు. 'మన ఎండలకు ఇదెందుకు?' అన్నది వాదన. వినడానికి సబబుగానే ఉంది గానీ పొరపాటు. కర్నూలు మేనెల ఎండ 45 డిగ్రీలే, ఇంజన్‌కు కావలసిన వేడి దానికి దాదాపు రెట్టింపు. చల్లటి లైనరు గోడల మీద డీజిల్‌లోని గంధకం ఆమ్లంగా మారి చెమ్మలా పట్టి లోహాన్ని తింటుంది. ఇంకో విచిత్రం, కొన్ని ఇంజన్లలో ఈ తలుపు తెరుచుకునేటప్పుడే బ్లాకులో తిరిగే అడ్డదారిని మూసేస్తుంది. తలుపే తీసేస్తే అడ్డదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, కొంత నీరు రేడియేటరు మొహం చూడకుండానే తిరుగుతూ ఉంటుంది. చల్లబడుతుందని పీకిన ఇంజన్ వెలిగొండ ఘాటు ఎక్కేటప్పుడు మరింత కాగుతుంది.

అరుగుదల సాక్ష్యం

ఆకారం ఇంజనీరు ఉద్దేశాన్ని చెప్తుంది, అరుగుదల జరిగినదాన్ని చెప్తుంది. గుండ్రటి కడ్డీ చుట్టూ సమంగా మెరుస్తుంటే అది తిరిగింది. ఒక పక్కే మెరుస్తుంటే ఒక పక్కకే ఒత్తిడి పడింది. నిలువు గీతలుంటే పైకీ కిందికీ ఆడింది. చివర చిన్న గుంట పడి, అంచులు పుట్టగొడుగులా విప్పారితే దాన్ని ఏదో కొట్టింది. ఈ నాలుగు గుర్తులతోనే పుష్‌రాడ్డు, రాకర్ షాఫ్టు, టాపెట్టు, వాల్వు కాడ విడివిడిగా తేలిపోతాయి.

పళ్ల చక్రం దొరికితే పళ్లు లెక్కపెట్టాలి. ఫోర్ స్ట్రోక్ ఇంజన్లో క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యాంషాఫ్టు ఒక చుట్టు తిరుగుతుంది, డీజిల్ పంపు కూడా అంతే. కాబట్టి క్రాంకు గేరుకు ఎన్ని పళ్లున్నాయో అంతకు సరిగ్గా రెట్టింపు పళ్లున్న చక్రం క్యాందైనా అవుతుంది, పంపుదైనా అవుతుంది. రెట్టింపు కాకపోతే అది ఆయిలు పంపుకో, గాలి పంపుకో, నడుమ ఊరికే తిరిగే చక్రమో. దాని ముఖం మీద చుక్కో, గీతో కొట్టి ఉందేమో వెతకాలి. సమయం కలపవలసిన చక్రాలకే ఆ గుర్తు పెడతారు.

వాల్వుల దగ్గర అయస్కాంతం పనికొస్తుంది. గాలి లోపలికి వదిలే వాల్వు మామూలు ఉక్కు, అయస్కాంతానికి గట్టిగా అంటుకుంటుంది. పొగ వదిలే వాల్వు ఎర్రగా కాలే వేడిని తట్టుకోవాలి. అందుకని దానికి క్రోమియం, నికెల్ లాంటివి బాగా కలిపిన ఉక్కు వాడతారు. ఆ రకం ఉక్కులో అణువుల అమరిక వేరు, అయస్కాంతం దాన్ని పట్టించుకోదు. తల దగ్గర పెట్టి చూడాలి సుమా. కాడ వేరే ఉక్కుతో అతికించినవి కూడా ఉంటాయి.

తికమక పెట్టే జంట ఇంకొకటి, కంప్రెసరూ ఎగ్జాస్టరూ. రెండూ ఇంజన్ పక్కన తగిలించే చిన్న పంపులే. ఒకటి గాలిని నొక్కి ట్యాంకులోకి పంపుతుంది, ఎయిర్ బ్రేకు కోసం. రెండోది గాలిని పీల్చేసి శూన్యం చేస్తుంది, పాతకాలపు వాక్యూం బ్రేకు కోసం. నొక్కిన గాలి కాగుతుంది కాబట్టి కంప్రెసరు తలకు రెక్కలో నీటిదారో ఉంటుంది. ఎగ్జాస్టరుకు ఆ వేడి బాధ తక్కువ. చాలావాటిలో పిస్టనే ఉండదు. పక్కకు జరిగి తిరిగే దిమ్మె, దాని చీలికల్లో జారే పలకలు ఉంటాయి. మూత విప్పి ఒకసారి చూస్తే ఇక పొరబడరు.

డీజిల్ ఇంజన్లో బటర్‌ఫ్లై ఏమిటి?

ఇప్పుడు ఈ అధ్యాయానికి అసలు కారణమైన ముక్క. గాలి జల్లెడకూ ఇంజన్‌కూ మధ్య బిగించే పోత మెడ అది. నడుము సన్నగా ఉంటుంది. లోపల ఒక గుండ్రటి రేకు ఇరుసు మీద తిరుగుతుంది. ఆ నడుము దగ్గర పెన్ను రీఫిల్ లావున్న చిన్న పైపు మొలక బయటికి పొడుచుకొస్తుంది.

కారు మెకానిక్కుకు చూపిస్తే పెట్రోలు ఇంజన్ కార్బురేటరులోది అంటాడు. రేకును బటర్‌ఫ్లై అంటాడు, ఆ మాట నిజమే. పెట్రోలు ఇంజన్లో వేగం తగ్గించాలంటే గాలిని అడ్డుకోవాలి. డీజిల్ ఇంజన్లో గాలి పట్టినంత పట్టనిస్తారు, వేగాన్ని డీజిల్ కొలతతో తగ్గిస్తారు, పెంచుతారు. అలాంటప్పుడు గాలిదారిలో ఈ రేకు ఎందుకు? 'ఇది ఈ బండిది కాదు, గుజిరీ సంచిలో కలిసొచ్చింది' అని పక్కన పడేయడం చాలా తేలిక.

పడేయకుండా దాని గుర్తులు చదువుదాం. లోపల ఎర్రదుమ్ము బురద ఉంది, మసి లేదు. కాబట్టి గాలిదారిలోదే. పెట్రోలు జిమ్మే సన్నటి రంధ్రాలు, తొట్టి, ఫ్లోటు లాంటివేమీ లేవు. కాబట్టి కార్బురేటరు కాదు. ఇరుసు చివర లివరు, దాని రంధ్రం కోడిగుడ్డులా అరిగింది. అంటే దాన్ని ఏదో కడ్డీ రోజూ వేలసార్లు లాగింది. డ్రైవరు కాలి కింది యాక్సిలేటరు తప్ప బండిలో అంతగా కదిలేది ఇంకేముంది? ఇక మిగిలింది ఆ చిన్న పైపు మొలక. దాని లావుకు సరిపోయే మొలక ఇంకెక్కడుందో ఇంజనంతా వెతికితే డీజిల్ పంపు వెనక ఒక గుండ్రటి డబ్బాకు కనిపిస్తుంది. డబ్బా విప్పితే లోపల తోలు పొర, దాని వెనక స్ప్రింగు. పొర మధ్యలోంచి ఒక కడ్డీ పంపులోకి పోయి, ఎంత డీజిల్ కొట్టాలో నిర్ణయించే పళ్లపట్టీకి తగులుతుంది.

బొమ్మ పూర్తయింది. దీన్ని గాలిపగ్గం అందాం, పుస్తకాల్లో న్యూమాటిక్ గవర్నర్ అని ఉంటుంది. 1950ల నాటి మధ్యరకం డీజిల్ ఇంజన్లలో చాలావాటికి ఇదే ఉండేది. ఎలా పనిచేస్తుందంటే, పాతబస్తీలో రెండు మిద్దెల నడుమ సందులోకి వచ్చినప్పుడు గాలి ఉరుకులు పెడుతుంది, వీధిలో లేని ఊపు అక్కడ ఉంటుంది. మెడ నడుము దగ్గరా గాలి అలాగే ఉరుకుతుంది. గాలి ఎంత ఉరికితే పక్కలకు అంత తక్కువగా ఒత్తుతుంది. ఆ తగ్గిన ఒత్తిడి చిన్న పైపు గుండా డబ్బాలోకి చేరి తోలుపొరను తనవైపు పీలుస్తుంది. పొర లాగితే పళ్లపట్టీ తక్కువ డీజిల్ వైపు జరుగుతుంది. స్ప్రింగు పని దీనికి ఎదురు, ఎక్కువ డీజిల్ వైపు తోయడం.

డ్రైవరు కాలు తీశాడు, రేకు మూసుకుంది, సందు ఇరుకైంది, పీల్పు పెరిగింది, డీజిల్ తగ్గింది. కాలు నొక్కాడు, రేకు తెరుచుకుంది, పీల్పు సడలింది, స్ప్రింగు డీజిల్ పెంచింది. బండి ఘాటు దిగుతూ ఇంజన్ తానుగా జోరందుకుంది, ఎక్కువ గాలి మింగింది, పీల్పు మళ్లీ పెరిగింది, డీజిల్ దానంతటదే తగ్గింది. కరెంటు లేదు, కంప్యూటరు లేదు. తోలుముక్క, స్ప్రింగు, వేలెడు సందు కలిసి ఇంజన్ వేగాన్ని కాపలా కాశాయి. ఈ రోజుల్లో కంప్యూటరుతో చేసే దిద్దుబాటు పనిని ఇంత తక్కువ సామానుతో చేసినవాళ్లకు నా మటుకు నేను దణ్ణం పెడతాను.

'డీజిల్ ఇంజన్‌కు ఇదెందుకు' అని ఆ మెడను తీసి మామూలు పైపు తగిలించారనుకోండి. పీల్పు లేదు. స్ప్రింగుకు అడ్డం లేదు. పళ్లపట్టీ పోయి పూర్తి డీజిల్ దగ్గర కూర్చుంటుంది. ఇంజన్ అంటుకున్న మరుక్షణం కేకలు పెడుతూ వేగం పెంచుకుంటూ పోతుంది, తాళంచెవి తిప్పినా ఆగదు. తోలు ఎండి చిరిగినా, చిన్న పైపు ఊడినా జరిగేది అదే. రాయలసీమ వేడిలో ఏళ్లు నిలబడిన బండిలో ఆ తోలు ఎండకుండా ఉంటుందని నమ్మడానికి లేదు. కాబట్టి ఈ డబ్బా మాత్రం విప్పి చూడకుండా ఇంజన్ స్టార్టు చేయకూడదు.

బెంజ్ కాలపు ఇంజన్లలోనే ఇంకో వింత ముక్క దొరుకుతుంది. డ్యాష్‌బోర్డులో చిల్లుల మూత వెనక చిన్న తీగచుట్ట. చల్లటి ఇంజన్ అంటుకోవడానికి హెడ్డులోని చిన్న ముందుగదులను హీటరు ప్లగ్గులతో వేడిచేసేవారు. ప్లగ్గులన్నీ ఒకే వరస తీగలో గొలుసుకట్టుగా ఉండేవి, ఈ చుట్ట కూడా ఆ గొలుసులోదే. ఇది ఎర్రబడితే లోపల ప్లగ్గులూ ఎర్రబడ్డట్టు. ఒక్క ప్లగ్గు కాలినా గొలుసు తెగి చుట్ట నల్లగానే ఉండిపోతుంది.

పోత అంకె, దెబ్బ అంకె

ముక్క మీద అంకెలుంటే పని సులువే, ఏ అంకె ఏ రకందో తెలిస్తే. ఉబ్బెత్తుగా ఉన్నది పోతపోసేటప్పుడు అచ్చులోనే వచ్చినది. లోపలికి గుంటపడి ఉన్నది చెక్కుడు పని అయ్యాక అంకెల పంచ్‌తో కొట్టినది. పోత అంకె ఒకటే అయినా దాని నుంచి రెండు మూడు రకాల ముక్కలు చెక్కి ఉండవచ్చు. అందుకే కొట్టులో అడిగేటప్పుడు దెబ్బ అంకె చెప్పాలి.

కంపెనీకో లెక్క. టాటా 697 ఇంజన్ అంటే ఆరు సిలిండర్లు, సిలిండరు అడ్డకొలత 97 మిల్లీమీటర్లు. 497 అంటే నాలుగు సిలిండర్లు, అదే అడ్డకొలత. స్కేలు పెట్టి కొలిస్తే చాలు. అయితే బెంజ్ వారి ఓఎం 312కు ఈ సూత్రం వేస్తే బోల్తా పడతారు, అది వాళ్ల వరుస సంఖ్య మాత్రమే. లారీ పేరులోని 1210 వేరే లెక్క, 12 టన్నుల మొత్తం బరువు, 100 గుర్రాల దరిదాపు బలం. లేలాండ్ 370 అంటే ఆరు సిలిండర్ల మొత్తం చోటు 370 ఘనపు అంగుళాలు, సుమారు 6.1 లీటర్లు. పెర్కిన్స్ 6.354లో రెండూ ఉన్నాయి, ఆరు సిలిండర్లు, 354 ఘనపు అంగుళాలు. మైకో పంపు చీటీ మీద పీఈఎస్ 6ఏ 80 అని ఉంటే 6 సిలిండర్లు, ఏ సైజు పంపు, లోపలి ఎలిమెంటు లావు 8.0 మిల్లీమీటర్లు. ఆ ఎలిమెంటుకూ దాని గొట్టానికీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లే, తలవెంట్రుకలో ఇరవయ్యో వంతు కూడా కాదు. అందుకే ఒక గొట్టంలోది ఇంకో గొట్టంలోకి మార్చకూడదు, చూడ్డానికి అన్నీ ఒకలాగే ఉన్నా సరే.

పోత అంకె దొరికినా నమ్మకూడని సందర్భం ఒకటుంది. అసలు ముక్కనే అచ్చుగా ఇసుకలో నొక్కి చిన్న ఫౌండ్రీల్లో నకలు పోస్తారు. అంకెలతో సహా వచ్చేస్తుంది. కానీ కరిగిన పోత ఇనుము గట్టిపడి చల్లారేటప్పుడు నూటికి ఒక వంతు ముడుచుకుంటుంది. తెలిసిన అచ్చుపనివాడు ఆ మేరకు పెద్దగా చేసిన అచ్చు వాడతాడు. ముక్కనే అచ్చుగా వాడినవాడి నకలు, 300 మిల్లీమీటర్ల పొడవులో 3 మిల్లీమీటర్లు తక్కువ వస్తుంది. అంకెల అంచులు కూడా మొద్దుబారి ఉంటాయి. బోల్టు రంధ్రాల నడిమి దూరం కొలిస్తే అంతా బయటపడుతుంది.

బ్లాకు పక్కన వరసగా కనిపించే గుండ్రటి రేకు మూతలు కూడా పోత పనికి చెందినవే. వాటిని డమ్మీలంటారు. బ్లాకు లోపలి నీటిదారులు రావడానికి అచ్చులో ఇసుక దిమ్మెలు పెడతారు. పోత అయ్యాక ఆ ఇసుకను రాల్చడానికి వదిలిన రంధ్రాలు ఇవి. పీకి చూస్తే వెనక మన బోరునీళ్ల సున్నం, మట్టి చెంబుడు వస్తుంది.

చివరిగా మరలు. మిల్లీమీటరు మర పళ్ల కోణం 60 డిగ్రీలు. ఇంగ్లండులో 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన మర కోణం 55. ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టుకూ, 5/16 అంగుళాల బోల్టుకూ లావులో తేడా వెంట్రుకవాసి. ఒకటి 8.0, రెండోది 7.94. కంటికి ఆనదు. కానీ మొదటిది చుట్టుకు 1.25 మిల్లీమీటర్లు, రెండోది ముతక మరైతే 1.41 మిల్లీమీటర్లు ముందుకు పోతుంది. మొదటి చుట్టు హాయిగా పోతుంది. నాలుగో చుట్టుకు తేడా పోగై సగం పన్నంత అవుతుంది, అక్కడ బిగుసుకుంటుంది. బిగిసింది కదా అని పైపు వేసి తిప్పినవాడు బ్లాకులో మర చెరిపేస్తాడు. తెలిసిన బోల్టునూ తెలియని బోల్టునూ పళ్లకు పళ్లు ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకోవాలి. పొడవునా సందు లేకుండా కూర్చుంటే రెండూ ఒకటే. పాన మీది అంకెతోనూ జాగ్రత్త. మిల్లీమీటరు పాన అంకె నట్టు ఎదురెదురు ముఖాల దూరం, విట్‌వర్త్ పాన అంకె బోల్టు కాడ లావు.

ఇంత చేసినా సంచి అడుగున నాలుగైదు ముక్కలు మిగులుతాయి. వాటి బిగింపు ముఖాన్నీ, రంధ్రాల దూరాన్నీ బ్లాకు మీద, హెడ్డు మీద, చాంబరు మీద ఎక్కడా కలపలేకపోతే అవి వేరే బండివే. అసలు చూడవలసింది అటువైపు. బ్లాకు మీద మూత పడని రంధ్రం ఏదైనా మిగిలిందా అని. మిగిలితే సన్నగా గాలి కొట్టి ఎటు వస్తుందో చూడాలి. బేరింగుల దగ్గర బుసకొడితే ఆయిలు దారి, వాటర్ పంపు మూతి దగ్గరైతే నీటిదారి, రెండూ కాకపోతే ఉత్త బోల్టు రంధ్రం. ఆ తర్వాతే సెల్ఫు జోలికి పోవడం. అంతకు ముందు కూడా నాజిళ్లు తీసి, పాన పట్టి క్రాంకును చేత్తో నిదానంగా రెండు పూర్తి చుట్లు తిప్పాలి. ఒక చుట్టు చాలదు. అన్ని వాల్వులూ ఒకసారి తెరుచుకుని మూసుకోవడానికి క్రాంకు రెండు చుట్లు తిరగాలి. ఎక్కడో తప్పుగా పెట్టిన ముక్క ఉంటే, అది పిస్టనుకు తగిలేది రెండో చుట్టులో కావచ్చు.